ఒక్క ఒత్వం

జూన్ 2

కోడలు రాజ్యం స్థాపించింది.

నలభై ఆరేళ్ల మనిషి. రోజంతా కళ్లద్దాల దుకాణంలో నిలబడి, వచ్చినవాళ్ల చేత గోడ మీది అక్షరాలు చదివించి, ఇంటికొచ్చి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు రాజ్యం ఏలుతుందట. రాజ్యం పేరు ఉప్పుకోట. అందులో బొమ్మలుండవు, చప్పుళ్లుండవు. ఎక్కడెక్కడివాళ్లో కంప్యూటర్ల ముందు కూర్చుని, తలొక పాత్ర పెట్టుకుని, వాక్యాలు రాసుకోవడమే ఆట. ‘కత్తి దూశాను’ అని ఒకడు రాస్తాడు, ‘పక్కకు తప్పుకున్నాను’ అని ఇంకొకడు రాస్తాడు. దాంతో యుద్ధం అయిపోయినట్టే. ముప్ఫై నాలుగేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. పనికిమాలిన రాత ఎన్ని రకాలుగా ఉండగలదో అన్నీ చూసేశాననుకున్నాను. ఇదొకటి మిగిలింది.

ఆట నిబంధనలు ప్రింటు తీసి భోజనాల బల్ల మీద వదిలేసింది. కాగితం వెనకవైపు కంటి పరీక్ష అక్షరాలు ఉన్నాయి. బల్ల మీద వదిలేసిన కాగితమంటే ప్రూఫ్ రీడరుకు అప్పగించిన కాగితమే. ఒక్క పేజీలో పద్నాలుగు తప్పులు. యుద్ధానికి ఉండాల్సిన ఒత్తు లేదు, బాధకు అక్కర్లేని ఒత్తు ఉంది. సందర్భం ఎప్పటిలాగే సంధర్భం.

ముఖ్యమైన నిబంధనలు రెండు. ఎవరి పాత్ర సంగతి వాళ్లే రాయాలి, అనుమతి లేకుండా ఇంకొకరి పాత్రను కదపకూడదు. ఒకసారి పంపిన మాటకు దిద్దుబాటు లేదు, రాసిందే జరిగింది.

రాసిందే జరిగితే నా కోడలి రాజ్యంలో ప్రజలు ఎల్లకాలం ‘యుద్దం’ చేసి ‘భాద’ పడుతుంటారు.

జూన్ 3

అబ్బాయి నా గదిలోకి వచ్చి తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేస్తాడు వాడు. పైకీ కిందికీ తప్ప పక్కకు ఆలోచన పోదు. కోడలి మీద ఫిర్యాదు. ఆరు దాటితే పలకదట, రెండోసారి పిలిస్తే ఆగమన్నట్టు వేలు చూపిస్తుందట, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి ముక్కూ మొహం తెలియనివాళ్లకు పేజీలు పేజీలు రాస్తుందట.

“నువ్వు చెప్తే మానేస్తుందమ్మా,” అన్నాడు. “నీ మాట ఎప్పుడైనా కాదందా?”

అనలేదు. ఇరవై నాలుగేళ్లుగా నేనేమన్నా ఆమె జవాబు ఒక్కటే: ‘సరే అత్తయ్యా.’ వాడు చెప్తే వినదు, నేను చెప్తే వింటుంది. ఆ సంగతి వాడి నోటితో వినడం నాకేమీ కష్టంగా లేదు.

చెప్తానన్నాను. కానీ ప్రూఫు చూడకుండా తీర్పు చెప్పే అలవాటు నాకు లేదు. లోపలికి వెళ్లి చూస్తాను. తప్పులన్నీ పట్టుకుని, జాబితా రాసి, ఆమె ముందు పెట్టి మాన్పిస్తాను. నాకు తానుగా ఏదీ చెప్పే మనిషి కాదు గనుక దొంగదారే దారి.

జూన్ 5

చేరిపోయాను. నా ట్యాబ్ ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది.

చేరడానికి పాత్రను గురించి నాలుగు వాక్యాలు రాయాలి. ముందున్నవాళ్లవి చదివాను. పదకొండు మందిలో నలుగురు రాజకుమారులు, ముగ్గురు మాంత్రికులు, ఇద్దరు విలుకాళ్లు, ఒక సేనాని, ఒక డేగ. అంత కోటలో ఊడ్చే మనిషి లేదు, తలుపు తీసే మనిషి లేదు. పల్లకీ ఎక్కేవాళ్లే అందరూ, మోసేవాడు లేడు.

నేను రాసింది ఇది: ‘నా పేరు గొళ్లెం. చేతిలో కఱ్ఱ, నడుముకు ఎఱ్ఱ గుడ్డ. గుఱ్ఱం మీద వచ్చినా కాళ్లీడ్చుకుంటూ వచ్చినా నా ముందు ఒక్కటే. ఎందుకొచ్చావో చెప్పినవాడు లోపలికి, చెప్పలేనివాడు వానలోకి.’

ఆట నడిపే మనిషిని సూత్రధారి అంటారు. అంటే మా కోడలు. పది నిమిషాల్లో జవాబు పంపింది: ‘స్వాగతం గొళ్లెమవ్వా. కోటకు తలుపుండాలని ఇన్నాళ్లూ మాకెవరికీ తోచలేదు.’

వయసు నేనెక్కడా రాయలేదు. అయినా అవ్వ అంది. రాతలో పెద్దరికం కనబడి ఉంటుంది.

జూన్ 6

వీళ్లకు విరామచిహ్నాలంటే దోమలు. ఎక్కడ పడితే అక్కడ వాలతాయి.

జూన్ 9

ముగ్గురు మాంత్రికుల్లో ఒకడు, అందరికంటే ఎక్కువ తప్పులు రాసేవాడు, ఇవాళ కోట తలుపు దగ్గరకు వచ్చి ‘నా మంత్రశక్తితో ఈ ద్వారము తెరుచుకొనుగాక’ అని రాశాడు. తప్పులు నేనే దిద్ది ఇక్కడ ఎక్కించాను. ఉన్నది ఉన్నట్టు రాయడానికి నా డైరీ ఒప్పుకోదు.

‘మంత్రం బయట ఉంది, గొళ్లెం లోపల ఉంది నాయనా. ఎందుకొచ్చావో ఒక్క వాక్యంలో చెప్పు. కర్త, కర్మ, క్రియ మూడూ ఉండాలి,’ అని రాశాను.

అరగంట తంటాలు పడ్డాడు. క్రియ దొరికితే కర్త పోయింది, కర్త దొరికేసరికి వాన మొదలైంది. చివరికి ‘నేను అన్నం తినడానికి వచ్చాను’ అని రాసి లోపలికి వచ్చాడు. ప్రపంచాన్ని ఏలే మాంత్రికుడు అన్నానికి వచ్చాడు.

ఆ తర్వాత ఏడుగురు పనీ పాటా లేకుండా కోట బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చారు, నా చేత చీవాట్లు తినడానికి. గొఱ్ఱెలు. అందరికీ చాకిరీ చేశాను. ఎనిమిదయ్యేసరికి వేళ్లు నొప్పి పుట్టాయి.

పక్క గదిలో కోడలు నవ్వింది. గోడ పల్చన. గట్టిగా నవ్వడం ఆమెకు వచ్చని నాకు తెలియదు.

జూన్ 10

నిన్నటి వాక్యంలో ‘ఉంది’ తర్వాత ‘నాయనా’ ముందు కామా పెట్టాలి. పెట్టలేదు. దిద్దే వీల్లేదు. పొద్దుటినుంచి పంటి కింద రాయిలా అదే.

జూన్ 14

ఉప్పుకోటకు శత్రువు వాన. ఉప్పుతో కట్టిన కోట కదా, వాన సైన్యం వచ్చిందంటే గోడలు కరుగుతాయి. ఊహ బాగానే ఉంది అనను. పిల్లలకు తోచే ఊహే.

ఇవాళ సూత్రధారి ఇలా రాసింది: ‘వాన ఇంకా రాలేదు. గోడకు చెయ్యి ఆనించి తీస్తే అరచేయి తడిగా ఉంది. ప్రళయం ముందు ఎప్పుడూ ఇలాగే చిన్నగా వస్తుంది.’ మూడో వాక్యం ఉపన్యాసం. రెండోదాన్ని నాలుగుసార్లు చదివాను, తప్పు కోసం.

లేదు.

సేనాని గురించి రాయాలి. గుఱ్ఱం ఉన్నది అతనొక్కడికే. కోడలు ఈ ఆట పెడుతున్నానని చెప్పిన రోజున మొదట చేరింది ఇతనేనని, మిగతావాళ్లలో సగం మందిని తెచ్చింది కూడా ఇతనేనని డేగ చెప్పింది. అసలు ఉద్యోగం లారీల ఆఫీసులో, ఏ లారీలో ఏం సరుకు ఎక్కిందో రాసుకోవడం. అందుకేనేమో, అనవసరంగా ఒక్క మాట ఎక్కించడు. రోజూ ఆరింటికి తలుపు దగ్గర గుఱ్ఱం ఆపి ‘అవ్వా, ఇవాళ గాలి ఎటు?’ అని అడుగుతాడు. నేను చెప్తాను. అతను వెళ్తాడు. అంతే. అతని రాతలో దిద్దడానికేమీ ఉండదు గనుక నాకు అతనితో పనేమీ లేదు.

అబ్బాయి టిఫిను డబ్బా సర్దుకుంటూ ‘చెప్పావా అమ్మా’ అని గుసగుసగా అడిగాడు. ప్రూఫు ఇంకా పూర్తి కాలేదన్నాను.

జూన్ 17

సేనాని రాలేదు. లారీలు ఆలస్యమై ఉంటాయి. నాకేం.

జూన్ 18

వచ్చాడు. గాలి పడమటి నుంచి.

జూన్ 21

రేపు వాన సైన్యం మీద దాడి. వారం నుంచి అందరూ దీని కోసమే ఊగిపోతున్నారు. తీరా చూస్తే రేపు సేనానికి ఆఫీసులో రెండో షిఫ్టు పడిందట. దాడి వాయిదా వేద్దామని సూత్రధారి అంది. అతను వద్దన్నాడు. అందరిముందూ ఇలా రాశాడు: ‘నా దాడి గొళ్లెమవ్వ రాస్తుంది. అనుమతి ఇస్తున్నాను. అవ్వ రాస్తే గుఱ్ఱం కూడా ఒద్దికగా పరిగెత్తుతుంది.’

రాజకుమారులు నలుగురు ఉండగా, మాంత్రికులు ముగ్గురు ఉండగా.

వెఱ్ఱిబాగులవాడు. సరేనన్నాను, ఎవరో ఒకరు సరిగ్గా రాయాలి కదా అని.

జూన్ 22

చచ్చిపోయాడు.

జూన్ 22, మళ్లీ

నిదానంగా రాస్తాను.

మధ్యాహ్నమంతా కూర్చుని దాడి రాశాను. పదకొండు వాక్యాలు. కాగితం మీద మూడుసార్లు తిరగరాశాను. చివరి వాక్యం: ‘తలుపు తెరిచాను, ఎఱ్ఱ మబ్బు కింద సేనాని ఒంటరిగా శత్రువుల నడుమ చొచ్చిపోయాడు.’ ఆరు కావస్తుండగా అదంతా ట్యాబ్‌లోకి ఎక్కిస్తున్నాను. చివరి వాక్యం పూర్తయింది. ఒకసారి చూసుకుని పంపుదామనుకునేలోపు తలుపు మీద చప్పుడు. కోడలు. ఆమె చూస్తుందని పంపేసి ట్యాబ్ దిండు కింద తోసేశాను. ‘టీ పెట్టమంటారా అత్తయ్యా’ అంది. పెట్టమన్నాను. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో చూసుకోకుండా ఒక్క అచ్చు ఫారం మెషీను మీదికి పంపలేదు. పంపింది ఈ ఒక్కసారి.

టీ వచ్చాక చూశాను. చ పక్కన ఒత్వం పడలేదు. రాసింది చొచ్చిపోయాడు. వెళ్లింది చచ్చిపోయాడు.

అసలు ‘నడుమకు’ అనాలి. లయ చెడుతుందని ‘కు’ నేనే తీసేశాను. ఆ ‘కు’ ఉంటే, శత్రువుల నడుమకు ఎవడూ చచ్చిపోడు గనుక, అది తప్పని గొఱ్ఱెలకైనా తెలిసేది. ఇప్పుడు వ్యాకరణం నిక్షేపంలా ఉంది. సేనాని ఒంటరిగా శత్రువుల నడుమ చచ్చిపోయాడు. వంక పెట్టడానికి లేదు.

చాలాసేపటికి సూత్రధారి నుంచి ఒక్క ప్రశ్న వచ్చింది. ‘గొళ్లెమవ్వా, ఇదేనా నువ్వు రాసింది?’

‘రాసిందే జరిగింది,’ అని పంపాను.

జూన్ 23

అందరూ తలుపు దగ్గర చేరారు. ఎందుకు చంపావు అవ్వా, ఏం చేశాడు అవ్వా. రాజకుమారుల్లో ఒకడు వెక్కి వెక్కి ఏడ్చినట్టు రాశాడు, వెక్కిళ్లకు కూడా స్పెల్లింగు తప్పే.

అప్పుడు మాంత్రికుడు, ఆ అన్నానికి వచ్చినవాడు, యుద్ధాన్ని ఏనాడూ యుద్ధమని రాయనివాడు, నన్ను అడిగాడు: ‘అవ్వా, టైపింగులో పొరపాటు పడిందా? ఏం పర్లేదు, నాకూ పడుతుంది.’

నాకూ పడుతుంది!

లేదని రాశాను. వారం నుంచి ఆలోచించే చంపానన్నాను. ఎదురులేని సేనాని బతికే ఉంటే కథకు బిగువుండదనీ, చావు తెలియని కోటకు కాపలా దండగనీ, ఇంకా చాలా. రాస్తున్నకొద్దీ నాకే నిజమనిపించింది. నిజమే కూడా. కథకు అది అవసరం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారు గాని, కొన్ని కుందేళ్లకు నిజంగానే మూడు ఉంటాయి.

హంతకురాలంటే పడతాను. అచ్చుతప్పు చేసిందంటే పడలేను.

జూన్ 24

సేనాని వచ్చాడు. గాలి సంగతి అడగలేదు.

‘అవ్వా, నేను నీకేం చేశాను?’ అన్నాడు. ఆట మాటల్లో రాయలేదు, బయటి మాటల్లో రాశాడు. లారీల ఆఫీసులో తన పేరు పిలిచే మనిషి ఉండడనీ, బండి నంబరు పిలుస్తారనీ, రోజులో ఈ రెండు గంటలే తనవనీ అన్నాడు. కావాలని చేశావని మిగతావాళ్లు చెప్పారు, కావాలని చేసినచోట ఉండలేను అన్నాడు. వెళ్లిపోయాడు. వెనకే డేగ, ఇద్దరు విలుకాళ్లు, రాజకుమారుల్లో ఇద్దరు.

పన్నెండు మందిలో ఆరుగురు. నేను మిగిలాను.

ఒట్టి రాతలకు ఇంత బాధపడేవాళ్లు లోకంలో ఎలా బతుకుతారో.

జూన్ 25

ఎండ ఎక్కువగా ఉంది. రాయడానికేమీ లేదు.

జూన్ 26

భోజనాల దగ్గర కోడలు మొగుడితో చెప్పింది, ఆదివారం నుంచి ఆట మూసేస్తున్నానని. మనుషులు మిగల్లేదు అంది. కంచంలోంచి తలెత్తలేదు. అబ్బాయి నావైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు, ఎంత నేర్పుగా చేశావమ్మా అన్నట్టు. వాడికి నేనే మాన్పించానని నమ్మకం. ఒక రకంగా నిజమే.

వాడు చేయి కడుక్కుని వెళ్లాక నేను వంటగదిలోకి నీళ్ల కోసం వెళ్లాను. ఆమె గిన్నెలు తుడుస్తోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

“అది కావాలని రాశారా అత్తయ్యా, తప్పు పడిందా?”

“ఏది?” అన్నాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోలేదు. కళ్లజోడు సర్దుకున్నాను.

“గొళ్లెమవ్వ మొదటి రోజే కఱ్ఱ, ఎఱ్ఱ, గుఱ్ఱం, మూడింట్లోనూ బండి ఱ పెట్టింది. పాతకాలం పుస్తకాల్లో తప్ప అలా ఇంకెవరు రాస్తారు? నాకు తెలిసినవాళ్లు ఒక్కరే ఉన్నారు. పక్క గదిలో ఉంటారు.”

జంట రేఫ ఉన్నచోట మామూలు ర రాయడానికి నా చేయి వంగదు. దొంగతనానికి వెళ్తూ ఇంటిపేరు అరిచి వెళ్లానన్నమాట.

“తెలిసి కూడా ఎందుకు రానిచ్చావు?”

“తలుపు దగ్గర ఉన్నది మీరు. నేనెవర్ని రానివ్వడానికి?” ఇంకో గిన్నె అందుకుంది. “మీరు నాతో రోజూ రెండు గంటలు మాట్లాడింది ఇరవై నాలుగేళ్లలో ఈ మూడు వారాలే.”

ఆమె రాతలో తప్పులు తగ్గాయని చెప్పబోయాను. అది మెచ్చుకోలే. నన్ను పూర్తి చేయనివ్వలేదు, మొదటిసారి.

“పెళ్లయిన రెండో ఏడు మీకొక నోటుబుక్కు ఇచ్చాను. నూట పన్నెండు గుర్తులు పెట్టి తిరిగిచ్చారు. కథ ఎలా ఉందో చెప్పనేలేదు.”

“నువ్వడగలేదు.”

“చదవండి అని ఇచ్చాను కదా. అడగడమంటే ఇంకెలా అడుగుతారు అత్తయ్యా?”

గిన్నె బోర్లించింది. అప్పుడు తిరిగి చూసింది. మళ్లీ అదే ప్రశ్న, ఈసారి ఇంకా మెల్లగా. కావాలని రాశారా, తప్పు పడిందా. తప్పు పడిందంటే ఆ ఆరుగురికీ చెప్పుకుంటాను, బతిమాలుకుంటాను అంది. కావాలని చేశారంటే నేను చెప్పగలిగిందేమీ లేదు అంది.

“కావాలనే,” అన్నాను.

“సరే అత్తయ్యా,” అంది.

ఇన్నేళ్లూ ఆ మాటకు అర్థం ‘ఒప్పుకున్నాను’ అనుకున్నాను. ‘నమ్మలేదు, కానీ మీతో పని లేదు’ అని కూడా ఒక అర్థం ఉన్నట్టుంది.

నీళ్లు తెచ్చుకోవడం మరిచిపోయాను.

జూన్ 27

ఆ నోటుబుక్కు నాకు బాగా గుర్తుంది. నీలం అట్ట. మూడో పేజీలో ‘శాస్వతం’. ఏడో పేజీలో ఒకే పేరాలో మూడుచోట్ల ‘యొక్క’. పంతొమ్మిదిలో ఏకవచనం కర్త, బహువచనం క్రియ. ఇరవై ఆరులో ‘భాద’, అప్పటినుంచే ఉంది ఆ జబ్బు. నూట పన్నెండులో తొంభై దాకా ఇప్పుడు కూడా వరసగా చెప్పగలను.

కథ గుర్తుకు రావడం లేదు.

ఒక పడవ ఉంది. పడవలో ఎవరో ఉన్నారు. ఆడమనిషి. అవతలి ఒడ్డుకు వెళ్లాలనుకుంటుందో, వెళ్లొద్దనుకుంటుందో. అంత చక్కగా దిద్దాను, ఆ మనిషి ఒడ్డు చేరిందో లేదో చూడలేదు.

సాయంత్రం అబ్బాయి వచ్చి నా మాటకున్న విలువే వేరన్నాడు. ఇక ఇల్లు ఇల్లులా ఉంటుందన్నాడు. ఎనిమిదింటిదాకా ముగ్గురం మూడు గదుల్లో కూర్చున్నాం. ఇల్లు ఇల్లులాగే ఉంది.

జూన్ 28, శనివారం

ఆఖరి రోజు. మిగిలిన ఆరుగురం ఆరింటికి చేరాం. సూత్రధారి వీడ్కోలు మాటలు రాయడం మొదలుపెట్టింది. వెళ్లినవాళ్లు కూడా చివరిసారి చదవడానికి వచ్చి వెనక నిలబడ్డారని పేర్ల పక్కన వెలిగే చుక్కలు చెప్తున్నాయి. సేనాని చుక్క కూడా వెలుగుతోంది.

ఇంక రెండు పేరాలైతే మూతే. నేను మధ్యలో అడ్డం వచ్చాను. ఎవరైనా రాస్తుండగా మధ్యలో రావడం మర్యాద కాదు. వచ్చాను.

పుస్తకం అచ్చయిపోయాక తప్పు బయటపడితే చివర ఒక చీటీ అంటిస్తారు. దాన్ని తప్పొప్పుల పట్టిక అంటారు. కొన్ని వందలు తయారుచేశాను, ఒక్కదాంట్లోనూ నా తప్పు లేదు. ఇవాళ రాసింది ఇది. నాలుగుసార్లు చూసుకుని పంపాను.

‘తప్పొప్పుల పట్టిక.
తప్పు: చచ్చిపోయాడు.
ఒప్పు: చొచ్చిపోయాడు.
ఒత్వం పడలేదు. టీ కావాలా అని అడిగితే కంగారుపడి చూసుకోకుండా పంపాను. మాంత్రికుడు మొదటి రోజే సరిగ్గా కనిపెట్టాడు. ఆలోచించే చంపానని నేను ఐదు రోజులుగా చెప్తున్నది అబద్ధం. ఆ అబద్ధం మాత్రం అచ్చుతప్పు కాదు, కావాలని రాసిందే. సేనానీ, నువ్వు నాకేమీ చేయలేదు. నీ దాడి నాకిచ్చావు. అంత నమ్మి నాకెవరూ ఏదీ ఇవ్వలేదు.’

చివరి వాక్యం నిజం కాదు. ఒకరు ఇచ్చారు, నీలం అట్టది. అది అందరి ముందూ రాసే సంగతి కాదని ఆపాను.

మాంత్రికుడు నవ్వు బొమ్మలు పదిహేడు పెట్టాడు. పదిహేడు! డేగ ‘ఒక్క ఒత్వానికా ఇంత గొడవ’ అంది. రాజకుమారుడొకడు ‘అవ్వకు కూడా తప్పులు పడతాయి’ అని పండగ చేసుకున్నాడు. ఎన్నాళ్లనుంచి ఎదురుచూస్తున్నారో మహానుభావులు.

సేనాని చుక్క మాత్రం వెలుగుతూనే ఉంది. ఏడున్నర దాటింది.

పావు తక్కువ ఎనిమిదికి అతని మాట వచ్చింది. ‘రాసిందే జరిగింది. చచ్చినవాణ్ని చచ్చినట్టే ఉంచండి. కానీ వాన చంపినవాళ్లు వానలో కలుస్తారు కదా? నేను వాన సైన్యంలో చేరుతున్నాను. అవ్వా, తలుపు గట్టిగా వేసుకో.’

వెంటనే ఒక్కొక్కరే, వెళ్లినవాళ్లందరూ. సగం మంది కోటలోకి, సగం మంది వానలోకి. రమ్మని నేను రాయనే అక్కర్లేకపోయింది.

అప్పుడు సూత్రధారి వీడ్కోలు మాటలు వదిలేసి తీర్పు చెప్పింది: ‘కోట మూయడం లేదు. గొళ్లెమవ్వకు శిక్ష. ఇకమీద ఆమె రాసే ప్రతి మాటా పంపేముందు సూత్రధారికి చూపించాలి.’

ఇరవై నాలుగేళ్లలో ఆమె నాకు ఒక ఆజ్ఞ ఇచ్చింది. అదీ తప్పుల్లేకుండా.

జూన్ 29

అబ్బాయి మండిపడుతున్నాడు. మానేస్తుందన్నావు కదమ్మా అంటాడు. నేనెప్పుడన్నాను? ప్రూఫు చూసి చెప్తానన్నాను. చూశాను, చెప్పాను: “మానకూడదు. నేనూ మానను. ఆరు నుంచి ఎనిమిది వరకు ఆకలేస్తే వంటగది ఎడమవైపుంది.”

ఇద్దరూ ఒకటైపోయారా అన్నాడు. అంత అన్యాయం ఇంకా జరగలేదన్నాను.

జూలై 1

వాన సైనికుడైన సేనాని కోట తలుపు ముందు నిలబడ్డాడు. గొళ్లెమవ్వ అతనితో మాట్లాడాలి. పొద్దున కూర్చుని తొమ్మిది వాక్యాలు రాశాను. ఐదున్నరకు ట్యాబ్ పట్టుకుని భోజనాల బల్ల దగ్గరకు వెళ్లాను. ఆమె దుకాణం నుంచి అప్పుడే వచ్చింది, ఇంకా సంచి భుజానే ఉంది. శిక్ష అన్నావు కదా, చూడు అన్నాను.

కుర్చీ లాక్కుని కూర్చుంది. చదివింది. ఎంత మెల్లగా చదువుతుందో. నేను నిలబడే ఉన్నాను. తొమ్మిది వాక్యాలకు అంతసేపా? కొలిమి ముందు నిలబడ్డట్టుంది. ముఖంలో ఏమీ తెలియనివ్వదు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది. రచయితలు ప్రూఫుల కోసం వచ్చి నా బల్ల ముందు ఇలాగే నిలబడేవాళ్లు. వాళ్లకు కుర్చీ వేయించి ఉండాల్సింది.

“బాగుంది అత్తయ్యా,” అంది.

ఊపిరి వదిలాను. అదేం పెద్ద విషయమని వదిలానో.

“ఆరో వాక్యం తీసేయండి.”

ఆరో వాక్యం కోసమే మిగతా ఎనిమిదీ రాశాను. అందులో ఒత్తు, కొమ్ము, కామా, అన్నీ ఉండాల్సినచోట ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

“తప్పేం లేదు. అతను తలుపు ముందు తడుస్తూ నిలబడ్డాడు. మీరేమో అక్కడ మీ తెలివి చూపిస్తున్నారు.”

ఎంత పొగరు. రోజంతా జనానికి కళ్లద్దాలు తగిలించే మనిషి, నాకు వాక్యం చెప్తుంది. ట్యాబ్ లాక్కుని గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. ఆరో వాక్యాన్ని పదిసార్లు చదివాను. ముప్ఫై నాలుగేళ్లలో నా చేతిమీదుగా అంత చక్కటి వాక్యం వెళ్లలేదు.

తీసేశాను.